టీవీ ముందు పుట్టిన ఆర్పీజీ పీసీకి వస్తే ఎక్కడ తేడా కొడుతుంది

టీవీకి కలిపి ఆడే ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ వంటి కన్సోల్‌ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆర్పీజీ) పీసీకి వస్తోందంటే చాలు, పీసీ ఆటగాళ్లలో గుబులు మొదలవుతుంది. మౌస్ బరువుగా కదులుతుందేమో, మెనూలో అక్షరాలు అక్కర్లేనంత పెద్దగా ఉంటాయేమో, ముప్పై మంత్రాలు ఉండాల్సిన చోట ఎనిమిదే మిగులుతాయేమో, సెకనుకు 60 ఫ్రేములు దాటితే ఆటే గాడి తప్పుతుందేమో. ఇన్ని భయాలనూ కలిపి ‘కన్సోల్ పోర్ట్’, అంటే కన్సోల్ నుంచి పీసీకి మార్చిన గేమ్, అని ఒకే మాటతో తిట్టేయడం అలవాటైపోయింది. అలా కలిపేయడం వల్లే అసలు విషయం తేలకుండా పోతోంది.

ఎందుకంటే ఈ లోపాలన్నీ ఒకే చోట పుట్టవు. కొన్ని పోర్ట్ చేసే చివరి నెలల్లో, తొందరలో పుడతాయి. అవి కంపెనీ తర్వాత ఇచ్చే సవరణతోనో (ప్యాచ్), ఎవరో అభిమాని రాసిన చేర్పుతోనో (మాడ్) పోతాయి. మరికొన్ని డిజైన్ మొదలైన రోజునే ఖాయమవుతాయి. ఆ తర్వాత వాటిని కంపెనీ కూడా బాగు చేయలేదు. ముందున్న గేమ్‌లో ఏది ఏ రకమో పోల్చుకోగలిగితే ఇప్పుడు కొనాలా, ఆగాలా, అసలు వదిలేయాలా అన్నది సులువుగా తేల్చుకోవచ్చు.

కూర్చునే దూరం

చాలా సమస్యలకు మూలం ఇక్కడుంది, కానీ దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. సోఫా రెండు ముప్పావు మీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆ తెర మన కంటి ముందు దాదాపు 25 డిగ్రీల మేర పరుచుకుంటుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లే. కానీ మనం దాని ముందు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటాం కాబట్టి అది దాదాపు 48 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంటే చిన్న మానిటరే కంటికి పెద్ద టీవీకన్నా దాదాపు రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది.

దీనికి రెండు ఫలితాలున్నాయి. మొదటిది అక్షరాల సైజు. సోఫా నుంచి హాయిగా చదవగలిగేలా గీసిన అక్షరం మానిటర్ మీద రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది. అక్షరం పెద్దదైతే ఒక తెరలో పట్టే వరసలు తగ్గుతాయి. 2006లో వచ్చిన ఆబ్లివియన్ ఇన్వెంటరీలో, అంటే పాత్ర మోసే సామాన్ల జాబితాలో, కొద్ది వస్తువులు మాత్రమే ఒకసారి కనిపించి, మిగతావాటి కోసం కిందికి జరుపుకుంటూ పోవాల్సి రావడానికి కారణం అదే. ఆబ్లివియన్ చేసిన బెథెస్డా స్టూడియోనే 2002లో తీసిన మారోవిండ్ పీసీ వెర్షన్‌లో మ్యాప్, సామాన్లు, మంత్రాలు, పాత్ర వివరాలు నాలుగు కిటికీలుగా ఒకేసారి తెరుచుకునేవి. వాటిని లాగి చిన్నవి పెద్దవి చేసుకోవచ్చు కూడా. ఎక్స్‌బాక్స్ వెర్షన్‌కి వేరే మెనూ గీశారు. నాలుగేళ్ల తర్వాత అదే స్టూడియో ఒకే మెనూతో రెండింటికీ సరిపెట్టింది.

ఇది ఏకపక్షంగా పీసీకే జరిగే అన్యాయం అనుకోనక్కర్లేదు. 2015లో విచర్ 3 విడుదలైనప్పుడు టీవీ ముందు కూర్చున్నవాళ్లు అక్షరాలు చదవలేక ఇబ్బంది పడ్డారు. ఆ తర్వాతి ప్యాచ్‌లలో సైజు పెంచారు. దూరం లెక్క ఏ వైపు తప్పినా ఎవరో ఒకరి కళ్లు నొప్పి పుడతాయి.

రెండో ఫలితం ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే కెమెరా ఎంత వెడల్పు ప్రపంచాన్ని తెరలోకి తెస్తుందనేది. దూరంగా ఉన్న టీవీకి 60, 65 డిగ్రీలు సరిపోతాయి. దగ్గరున్న మానిటర్ మీద అదే కోణం ముఖానికి గొట్టం పెట్టుకుని చూసినట్టుంటుంది. కొందరికి అరగంటలో తల తిరగడం, వాంతి వచ్చేలా అనిపించడం ఇందువల్లే. కన్సోల్‌లో కోణం ఇరుకుగా ఉంచడానికి మరో కారణం కూడా ఉంది. కోణం పెరిగితే తెరలోకి వచ్చే చెట్లు, మనుషులు, ఇళ్లు పెరుగుతాయి, వాటిని గీసే భారమూ పెరుగుతుంది.

దీన్ని సరిచేయడం మామూలుగా తేలికే. స్కైరిమ్‌లో ఎస్కేప్ కింద ఉండే టిల్డా కీ నొక్కి, ఎఫ్ఓవీ (fov) అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి 85 కొట్టి ఎంటర్ నొక్కితే మారిపోతుంది. శాశ్వతంగా ఉండాలంటే గేమ్ సెట్టింగులుండే ఐఎన్ఐ ఫైల్‌లో డిస్‌ప్లే విభాగం కింద రాసుకోవాలి. 100 దాటితే మాత్రం పాత్ర కళ్లతో చూసే ఫస్ట్ పర్సన్‌లో చేతుల బొమ్మ మోచేతి దగ్గర తెగిపోయినట్టు కనిపించవచ్చు. ఇరుకు కోణానికే ఆ చేతులను తయారుచేశారు కాబట్టి. 2023 సెప్టెంబర్‌లో స్టార్‌ఫీల్డ్ ఈ కోణాన్ని మార్చుకునే స్లైడర్ లేకుండానే విడుదలై, తర్వాత వచ్చిన ఒక ప్యాచ్‌లో దాన్ని చేర్చుకుంది. అంత పెద్ద గేమ్‌లో అంత చిన్న స్లైడర్ మొదటి రోజు లేకపోవడం పీసీ ఆటగాళ్లను చివర్లో గుర్తుచేసుకున్నారనడానికి గుర్తు.

స్టిక్ వేగం చెబుతుంది, మౌస్ చోటు చెబుతుంది

కంట్రోలర్ స్టిక్‌ను సగం వంచితే కెమెరా ఒక వేగంతో తిరుగుతూనే ఉంటుంది, వదిలేస్తే ఆగుతుంది. మౌస్ అలా పనిచేయదు. ఐదు సెంటీమీటర్లు జరిపితే కెమెరా ఆ ఐదు సెంటీమీటర్లకు తగినంతే తిరగాలి, చేయి ఆగగానే ఆగాలి. బద్ధకపు పోర్ట్‌లో మౌస్ కదలికను తీసుకెళ్లి స్టిక్ కదలికగా నటింపజేస్తారు. అప్పుడు మూడు జబ్బులు ఒకేసారి వస్తాయి. మౌస్‌ను కొద్దిగా కదిపితే ఏమీ జరగదు, ఎందుకంటే స్టిక్ మధ్యలో చిన్న కదలికలను పట్టించుకోని డెడ్‌జోన్ అలాగే ఉండిపోయింది. గట్టిగా విసిరినా ఒక వేగాన్ని మించి తిరగదు, ఎందుకంటే స్టిక్‌కి ఉన్న గరిష్ఠ వేగమే దీనికీ వర్తిస్తోంది. మధ్యలో నెమ్మదిగా జరిపితే ఒక దూరం, వేగంగా జరిపితే మరో దూరం తిరుగుతుంది.

2012 ఆగస్టులో పీసీకి వచ్చిన డార్క్ సోల్స్ దీనికి పెద్ద ఉదాహరణ. కీబోర్డ్‌తో ఆడుతున్నా తెర మీద కనిపించే సూచనలన్నీ ఎక్స్‌బాక్స్ బటన్లే. మౌస్ ఎంత బాధపెట్టిందంటే దానికోసమే విడిగా ఒక మాడ్ పుట్టింది.

స్కైరిమ్‌లో ఇంకా సూక్ష్మమైన చిక్కుంది. సంభాషణలో నాలుగు సమాధానాలు వరసగా ఉంటాయి. మౌస్‌తో మూడోదాని మీద క్లిక్ చేస్తారు, గేమ్ మాత్రం రెండోదాన్ని ఎంచుకుంటుంది. కారణం చూడండి. ఆ మెనూకి లోపల ‘ప్రస్తుతం ఎంపికైన వరస’ అని ఒకటి ఉంటుంది. కంట్రోలర్‌తో పైకి కిందికి జరిపేది దాన్నే. మౌస్ బాణం వేరే వరస మీద ఉన్నా ఆ ఎంపిక సకాలంలో దాని వెంట రాదు. క్లిక్ అంటే ‘కంట్రోలర్‌లో A బటన్ నొక్కినట్టు’ అని మాత్రమే మెనూకి అర్థమవుతుంది, ‘ఇక్కడ నొక్కారు’ అని కాదు. దొంగను వదిలేయాలనుకున్న వాడు కత్తి దూసేశాడంటే తప్పు ఆటగాడిది కాదు. బెటర్ డైలాగ్ కంట్రోల్స్ అనే చిన్న మాడ్ దీన్ని సరిచేస్తుంది.

అదే గేమ్ ఇన్వెంటరీ చూడండి. ఎడమ పక్కన పేర్ల జాబితా, మిగతా తెరంతా ఎంపికైన వస్తువు త్రీడీ బొమ్మ. బరువెంతో, ధరెంతో తెలియాలంటే ఒక్కో వస్తువు మీదికి వెళ్లాలి. 300 యూనిట్ల బరువు దాటి పరిగెత్తలేక నెమ్మది నడకే మిగిలినప్పుడు ఏది పారేయాలో తేల్చుకోవడానికి ఇది పనికిరాదు. స్కైయూఐ అనే మాడ్ దీని స్థానంలో పట్టిక పెడుతుంది. బరువు, ధర, దెబ్బ తీవ్రత విడివిడి నిలువు వరసలుగా వస్తాయి, దేని మీద నొక్కితే ఆ క్రమంలో పేర్చుకుంటుంది, వెతకడానికి ఒక పెట్టె ఉంటుంది. ఇది పనిచేయాలంటే ముందు మాడ్‌లకు అదనపు సామర్థ్యం ఇచ్చే ఎస్‌కేఎస్‌ఈ అనే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ వేసుకుని, గేమ్‌ను దాని ద్వారానే తెరవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గేములు కొని తెరిచే స్టీమ్ యాప్‌లో మామూలు ప్లే బటన్ నొక్కితే స్కైయూఐ పని చేయదు. గేమ్ అప్‌డేట్ అయిన రోజు కూడా ఎస్‌కేఎస్‌ఈ కొత్త వెర్షన్ వచ్చేదాకా ఇదే తంతు, అందుకే మాడ్‌లు వేసుకున్నవాళ్లు ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ‘గేమ్ తెరిచినప్పుడు మాత్రమే’ అని మార్చుకుని, ఎస్‌కేఎస్‌ఈ ద్వారానే తెరుస్తూ ఉంటారు.

పదహారు బటన్లు, ముప్పై మంత్రాలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తర్వాత బాగు చేసుకోగలిగేవే. బటన్ల దగ్గర మాత్రం విషయం మారుతుంది.

ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌లో ముఖం మీద నాలుగు బటన్లు, భుజాల మీద రెండు, ట్రిగ్గర్లు రెండు, స్టిక్ నొక్కులు రెండు, స్టార్ట్, బ్యాక్, డీప్యాడ్ నాలుగు దిక్కులు కలిపితే 16. వాటిలో మెనూకి, మ్యాప్‌కి, దూకడానికి, శత్రువు మీద గురి లాక్ చేయడానికి పోగా పోరాటానికి మిగిలేవి కొన్నే. 2002 నాటి నెవర్‌వింటర్ నైట్స్‌లో ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు, వాటికి షిఫ్ట్, కంట్రోల్ జోడిస్తే మంత్రాలు, విద్యలు పెట్టుకునే గడులు మొత్తం 36 చేతికింద ఉండేవి. ఈ రెండు అంకెల మధ్య దూరమే పీసీ ఆర్పీజీ అభిమానుల అసలు బెంగ.

బటన్లు తక్కువున్నప్పుడు డిజైనర్ ముందు రెండు దారులుంటాయి. ఒకే బటన్‌కి చాలా పనులు అప్పగించడం మొదటిది. మాస్ ఎఫెక్ట్ 2 పీసీలో పరిగెత్తడం, అడ్డు చాటుకి చేరడం, తలుపు తెరవడం మూడూ స్పేస్‌బార్ మీదే పెట్టారు. గుళ్ల వర్షంలో పెట్టెను దాటుకుని పరిగెడదామనుకుంటే పాత్ర ఆ పెట్టెకే అతుక్కుపోతుంది. కీబోర్డ్‌లో నూరు కీలున్నా వాటిని విడదీసే అవకాశం ఇవ్వలేదు. విచిత్రం ఏమిటంటే దాని ముందు భాగానికి 2008లో వచ్చిన పీసీ వెర్షన్‌లో ఇన్వెంటరీని, తోటివాళ్లకిచ్చే ఆదేశాల తెరను పీసీ కోసం మళ్లీ గీసి హాట్‌కీలు ఇచ్చారు.

రెండో దారి మరింత లోతైనది. పోరాటాన్నే ఆ బటన్ల సంఖ్యకు కుదించడం. డ్రాగన్ ఏజ్ సిరీస్‌లో ఈ ప్రయాణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

2009 నవంబర్‌లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ పీసీలో మౌస్ చక్రం వెనక్కి తిప్పితే కెమెరా పైకి లేచి యుద్ధభూమి మొత్తం చదరంగం బల్లలా కింద పరుచుకునేది. ఆట ఆపి, నలుగురికీ విడివిడిగా ఆదేశాలిచ్చి, అగ్నిగోళం ఎక్కడ పడితే మనవాళ్లు కాలకుండా ఉంటారో వృత్తం గీసి చూసుకుని వేయవచ్చు. కింది పట్టీలో మంత్రాల గడులు తెర పొడవునా ఉండేవి. కన్సోల్‌లో ఆ పైనుంచి చూసే కెమెరా లేదు, చేతికింద ఉండే గడులు ఆరే. ఒకే గేమ్, రెండు అనుభవాలు.

2011 మార్చిలో వచ్చిన రెండో భాగంలో పీసీకీ ఆ కెమెరా తీసేశారు. శత్రువులు విడతలు విడతలుగా ఊడిపడతారు. కెమెరా లేకపోవడం కన్నా ఈ రెండోది పెద్ద దెబ్బ. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ముందే ఆలోచించి పెట్టుకున్నా, రెండో విడత మన మంత్రగాడి నెత్తినే దిగుతుంది. చోటు ఎంచుకోవడానికి విలువ లేనప్పుడు పైనుంచి చూసే కెమెరా తిరిగి ఇచ్చినా ప్రయోజనం ఉండదు. 2014 నవంబర్‌లో ఇంక్విజిషన్‌లో నిజంగానే తిరిగి ఇచ్చారు. అది తగినంత ఎత్తుకు వెళ్లదు, పైకప్పులకు చెట్లకు తగులుకుంటుంది. పాత్ర ఎన్ని విద్యలు నేర్చినా పోరాటంలోకి తీసుకెళ్లగలిగేవి ఎనిమిదే, పీసీలో కూడా. ఆ ఎనిమిదికి తగ్గట్టుగానే శత్రువుల బలం, మంత్రాల పదును లెక్కవేశారు. ఒక మాడ్ వచ్చి గడులను పదహారు చేసినా సమతూకం చెడుతుంది తప్ప ఆట లోతెక్కదు. చివరి నెలల్లో పుట్టిన లోపానికీ, మొదటి రోజు పుట్టిన లోపానికీ తేడా ఇదే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. కన్సోల్ అనగానే ఆట ‘తేలికైపోతుంది’ అన్న వాదన నిలబడదు. డార్క్ సోల్స్ కన్సోల్‌లోనే పుట్టింది, దాన్ని తేలిక అన్నవాళ్లు లేరు. పెర్సోనా 5 రాయల్ వంటి, వంతులవారీగా ఆడే జపాన్ టర్న్ బేస్డ్ గేములు పూర్తిగా కంట్రోలర్ కోసం చేసినవే అయినా కీబోర్డ్ మీద ఏ ఇబ్బందీ లేకుండా సాగుతాయి, ఎందుకంటే వాటిలో గురి చూడాల్సిన పని లేదు, తొందరా లేదు. నిజంగా నష్టపోయేది ఒక్క కోవ: నలుగురైదుగురి బృందాన్ని వ్యూహంతో నడిపే, ఆపి ఆడుకునే ఆర్పీజీలు. అటువంటిది కంట్రోలర్ కోసం రూపొందుతోందని తెలిస్తే జాగ్రత్త పడాల్సిందే.

ఆ జాగ్రత్త కూడా అక్కర్లేని రోజు రావచ్చని 2023లో బాల్డర్స్ గేట్ 3 చూపించింది. మౌస్ పట్టుకుంటే కింద పొడవాటి పట్టీ, కంట్రోలర్ పట్టుకుంటే చక్రాకారపు మెనూలు. ఆట మధ్యలో ఒకటి వదిలి రెండోది పట్టుకున్నా తెర దానంతటదే మారిపోతుంది. రెండు పూర్తి ఇంటర్‌ఫేస్‌లు కట్టారన్నమాట. అది ఖర్చుతో కూడిన పని. ప్రతి తెరనూ రెండుసార్లు గీయాలి, రెండుసార్లు పరీక్షించాలి, ప్రతి ప్యాచ్‌లోనూ రెండింటినీ చూసుకోవాలి. చాలా కంపెనీలు ఎగ్గొట్టేది ఈ ఖర్చునే. హార్డ్‌వేర్ చేతగానితనం ఇందులో ఏమీ లేదు.

మెమరీ గోడలు

కన్సోల్ మెమరీ ఆట ప్రపంచపు ఆకారాన్నే మార్చేస్తుంది. మొదటి ఎక్స్‌బాక్స్‌లో ఉన్నది 64 మెగాబైట్లు. 2000లో వచ్చిన డ్యూస్ ఎక్స్ మొదటి అంకంలో లిబర్టీ ఐలండ్ అంతా ఒకే ముక్కగా నడిచి తిరగవచ్చు. 2003 చివర్లో ఎక్స్‌బాక్స్‌కీ పీసీకీ కలిపి చేసిన దాని రెండో భాగం ఇన్విజిబుల్ వార్‌లో నాలుగు సందులు తిరిగేలోపు లోడింగ్ తెర వచ్చేస్తుంది. పీసీలో ఎంత మెమరీ ఉన్నా లాభం లేదు, మ్యాపులను అలా ముక్కలుగానే కట్టారు.

ఆబ్లివియన్ నుంచి పెద్ద నగరాలు గోడల వెనక విడి గదులయ్యాయి. ద్వారం దగ్గర తలుపు నొక్కితే నగరం లోడ్ అవుతుంది. బయట నుంచి కనిపించే నగరం ఉత్త డొల్ల. ఆ గోడ మీదుగా ఎగిరి దిగితే లోపల మనుషులుండరు కాబట్టి మారోవిండ్‌లో ఉన్న గాల్లో తేలే మంత్రాన్ని తీసేశారు. ఆ మంత్రం పోవడంతో, పైకి ఎగిరితేనే చేరగలిగే మెట్లు లేని బురుజుల వంటి కట్టడాలకూ చోటు లేకుండా పోయింది. మెమరీలో మొదలైన ఇబ్బంది మంత్రాల పుస్తకం దాకా, అక్కడి నుంచి వాస్తు దాకా పాకిందన్నమాట. నిజాయితీగా చెప్పాలంటే, అదే 64 మెగాబైట్ల ఎక్స్‌బాక్స్ మీద మారోవిండ్ తెరిచిన ఊళ్లతోనే నడిచింది. లోడింగ్ తెర వెనక కన్సోల్‌ను రీబూట్ చేసి మెమరీ ఖాళీ చేసిన సందర్భాలున్నాయని ఆ స్టూడియో తర్వాత చెప్పింది. కాబట్టి తప్పు అంకెదొక్కటే అనలేం. కానీ బొమ్మల నాణ్యత పెంచాలన్న పోటీలో మెమరీ చాలనప్పుడు ముందు కోత పడేది ప్రపంచపు విస్తీర్ణానికే.

కొత్త తరంలో ఈ పాత్ర ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌ది. దాని మెమరీ మొత్తం 10 గిగాబైట్లు. బాల్డర్స్ గేట్ 3 పీసీకి ఆగస్టులో, పీఎస్5కి సెప్టెంబర్‌లో వస్తే, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్ దాకా రాలేదు. తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే సౌకర్యం సిరీస్ ఎస్‌లో నడవకపోవడమే కారణం. చివరికి ఆ ఒక్క సౌకర్యాన్ని అందులో వదిలేసి విడుదల చేశారు. పీసీ ముందు రావడం వల్ల ఆట కత్తిరింపుకు గురికాలేదు. వరస తిరగబడి ఉంటే ఏం పోయేదో ఊహించుకోవచ్చు.

స్కైరిమ్ మెమరీ కథ మాత్రం మొదటి రకానిది. 2011 నవంబర్‌లో విడుదలైనప్పుడు దాని పీసీ ప్రోగ్రామ్ 2 గిగాబైట్లకు మించి వాడుకోలేకపోయేది. 8 గిగాబైట్ల ర్యామ్ ఉన్నవాళ్లకూ మధ్యలో మూసుకుపోయేది. ఫైల్‌లో ఒక చిన్న గుర్తు మారిస్తే 4 గిగాబైట్ల దాకా వాడుతుందని ఆటగాళ్లే కనిపెట్టారు, డిసెంబర్ ప్యాచ్‌లో కంపెనీ కూడా అదే చేసింది.

ఫ్రేమ్ లెక్కతో నడిచే ప్రపంచం

కన్సోల్‌లో ఆట సెకనుకు 30 ఫ్రేములకు ఖాయంగా నడుస్తుందని తెలిసినప్పుడు, ప్రోగ్రామర్ ‘గడిచిన సమయం’ కొలవకుండా ‘గడిచిన ఫ్రేములు’ లెక్కపెట్టేస్తాడు. పని తేలిక. పీసీలో ఎవరో దాన్ని 60కో 144కో తెరవగానే ప్రపంచం పరుగందుకుంటుంది.

డార్క్ సోల్స్ 2లో కత్తి అరుగుదల ఇందుకు చక్కటి నిదర్శనం. దెబ్బ శత్రువు శరీరంలో ఉన్నంతసేపు ప్రతి ఫ్రేముకీ అరుగుదల లెక్కపడేది. 60 ఫ్రేములతో నడిచే పీసీలో కత్తి రెట్టింపు వేగంగా విరిగేది. మొదటి డార్క్ సోల్స్ పీసీలో లోపల గీసే బొమ్మ 1024 అడ్డం, 720 నిలువు మాత్రమే, వేగం 30 ఫ్రేములు. విడుదలైన వెంటనే డ్యురాంటే అనే పేరుతో పనిచేసే మాడర్ డీఎస్‌ఫిక్స్ ఇచ్చి రెజల్యూషన్ బంధనం తెంచారు. తర్వాత 60 ఫ్రేములూ సాధ్యమైంది, కానీ దూకే దూరం తగ్గింది, నిచ్చెన మీద జారితే నేలలోంచి కిందికి పడిపోయే ప్రమాదం వచ్చింది. రెజల్యూషన్ పైపూత, ఫ్రేమ్ లెక్క పునాది. అందుకే మొదటిది శుభ్రంగా కుదిరింది, రెండోది అవలక్షణాలతో కుదిరింది.

స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌ను 144 హెర్ట్జ్ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మొదటి దృశ్యంలోనే గుర్రపు బండి గాల్లోకి ఎగిరిపడటం కూడా ఇదే జబ్బు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఆ గేమ్‌కి మాత్రమే మాక్స్ ఫ్రేమ్ రేట్ 60 అని పెట్టండి, లేదా ఫ్రేములను కొలిచి హద్దు పెట్టే రివాట్యూనర్ సాఫ్ట్‌వేర్‌లో 60కి కట్టేయండి. తెర రిఫ్రెష్ రేటునే 60కి దించినా పని జరుగుతుంది. అంతకుమించిన వేగం కావాలంటే డిస్‌ప్లే ట్వీక్స్ మాడ్ ఫిజిక్స్ లెక్కను ఫ్రేములకు తగ్గట్టు సర్దుతుంది.

మొదటిసారి చూసిన మంటకు ఆగిపోయే తెర

ఈ పదేళ్లలో పెద్ద ఫిర్యాదు స్టటర్. సగటు 90 ఫ్రేములు చూపిస్తున్నా అరసెకను ఆగి ముందుకెళ్తుంది. దీనికి రెండు వేరు వేరు కారణాలున్నాయి, వాటికి మందులూ వేరు.

ఒకటి షేడర్ల తయారీ, అంటే వెలుగు, మంట వంటివి ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాముల తయారీ. కన్సోల్‌లో ఉండేది ఒకే గ్రాఫిక్స్ చిప్ కాబట్టి దానికి కావలసిన షేడర్లను పూర్తిగా సిద్ధం చేసి డిస్క్‌లో ఇచ్చేస్తారు. పీసీలో ఎవరి కార్డు వారిది, ఎవరి డ్రైవర్ వారిది. అందుకే సగం ఉడికిన రూపంలో ఇచ్చి, మిగతాది మన కంప్యూటర్‌లో డ్రైవర్ పూర్తిచేస్తుంది. గేమ్ తెరవగానే అన్నీ ఒకేసారి తయారుచేసుకుంటే పది నిమిషాలు ఆగడంతో సరిపోతుంది. అలా చేయని గేమ్‌లో కొత్త మంత్రం తొలిసారి వేసినప్పుడల్లా తెర గడ్డకడుతుంది. 2021 డిసెంబర్‌లో పీసీకి వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ అలా బాధపెట్టింది. స్టీమ్‌లో లాంచ్ ఆప్షన్స్‌లో హైఫన్ పెట్టి డీ3డీ11 అని రాస్తే పాత డైరెక్ట్‌ఎక్స్‌లో నడిచి కుదుపులు బాగా తగ్గాయి. ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్లు, తయారైన షేడర్లను దాచుకునే షేడర్ క్యాష్ సైజును 10 గిగాబైట్లకో అంతకన్నా ఎక్కువకో పెంచుకోవడం మంచిది. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ ఆ క్యాష్ మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి పెద్ద పోరాటం ముందు డ్రైవర్ అప్‌డేట్ పెట్టుకోకండి.

రెండోది నడుస్తూ పోతుంటే వచ్చే కుదుపు. కొత్త ప్రాంతం డిస్క్ నుంచి మెమరీలోకి వచ్చే క్షణంలో ప్రాసెసర్ ఊపిరాడక ఆగుతుంది. అదే చోట మళ్లీ నడిచినా మళ్లీ వస్తే అది ఈ రకమే. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్‌లో ఊరి బయట తిరిగేటప్పుడు కనిపించింది ఇదే. దీనికి మన వైపు నుంచి మందు తక్కువ. గేమ్‌ను ఎస్ఎస్‌డీలో పెట్టడం, ఫ్రేములను 60కి కట్టి ప్రాసెసర్‌కి వెసులుబాటు ఇవ్వడం, ల్యాప్‌టాప్‌లో ఒకే 8 గిగాబైట్ల ర్యామ్ ముక్క ఉంటే రెండోది జతచేసి డ్యుయల్ చానెల్ చేసుకోవడం, అంతవరకే. మూడోది చాలా సాయపడుతుంది.

గ్రాఫిక్స్ కార్డు మెమరీ కూడా చూసుకోవాలి. పీఎస్5లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి 16 గిగాబైట్లు. దానికోసం చేసిన టెక్స్చర్లు, అంటే వస్తువుల ఉపరితలాల బొమ్మలు, 8 గిగాబైట్ల కార్డులో అల్ట్రా సెట్టింగ్ మీద పట్టకపోవడం సహజం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద జీపీయూ డెడికేటెడ్ మెమరీ నిండిపోతుంటే మిగతావి ముట్టుకోకుండా ముందు టెక్స్చర్లు ఒక మెట్టు దించండి.

డబ్బు వెనక్కి వచ్చేలోపు చూసుకోవాల్సినవి

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపైతే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆర్పీజీలో రెండు గంటలంటే పాత్ర ముఖం చెక్కుకోవడానికే సరిపోతుంది. అందుకని ముఖం యథాతథంగా ఉంచి ముందుకెళ్లండి.

కెమెరా చేతికి రాగానే ఒక స్తంభాన్ని తెర మధ్యలో పెట్టుకుని మౌస్‌ను ఒక జానెడు కుడికి నెమ్మదిగా జరపండి. అదే జానెడు ఎడమకు వేగంగా లాగండి. స్తంభం మళ్లీ మధ్యకు వస్తే మౌస్ బాగున్నట్టు. రాకపోతే సెట్టింగ్స్‌లో యాక్సిలరేషన్, స్మూతింగ్ ఆపి మళ్లీ చూడండి. అయినా రాకపోతే ఆ గేమ్‌ను కంట్రోలర్‌తో ఆడటానికి సిద్ధపడాలి. తర్వాత కీలు మార్చుకునే తెర తెరిచి, ఒకే కీ మీద ఉన్న రెండు పనులను విడదీయనిస్తుందో లేదో చూడండి. పోరాటంలో ఒకసారి మెనూ తెరిచి, మొత్తం ఎన్ని విద్యలు నేర్చుకోవచ్చు, చేతికింద ఎన్ని పెట్టుకోవచ్చు అన్నది లెక్కపెట్టండి. రివాట్యూనర్‌లో సగటు ఫ్రేములు కాకుండా ఫ్రేమ్ టైమ్ గీత చూడండి. 60 దగ్గర అది 16.7 మిల్లీసెకన్ల వద్ద చదునుగా ఉండాలి, మధ్య మధ్య కొండలు లేస్తుంటే అవే కుదుపులు.

మౌస్, అక్షరాలు, రెజల్యూషన్, షేడర్లు ఇబ్బంది పెడితే వదిలేయక్కర్లేదు, ఆగితే చాలు. ఎంత ఆగాలన్నది మాత్రం కంపెనీని బట్టి ఉంటుంది. 2017లో వచ్చిన నియర్: ఆటోమాటాకి మాడ్ ఆ ఏడే వచ్చింది, అధికారిక ప్యాచ్ 2021 జూలైలో వచ్చింది. కాబట్టి కొనేముందు ప్యాచ్ వార్తలతో పాటు ఆ గేమ్‌కి మాడ్‌లు రాసేవాళ్లు చురుగ్గా ఉన్నారా అన్నదీ చూసుకోండి. గడుల సంఖ్య, కెమెరా ఎత్తు, ముక్కలైన మ్యాపులు నచ్చకపోతే మాత్రం ఏ సేల్ కోసమూ ఎదురుచూడకండి, అవి అలాగే ఉంటాయి. రీఫండ్ అడగాలనుకుంటే గడియారం మీద కన్నేసి ఉంచండి: గేమ్ తెరిచి షేడర్లు తయారవుతున్నంతసేపూ ఆ సమయం మీరు ఆడిన గంటల్లోనే లెక్కకొస్తుంది.